ఉప్పు తిన్న గొడుగు

యూనివర్సిటీ తాళంచెవి
నా మెడలో గాలపుతాడుకి వేలాడుతుంది.
యూనివర్సిటీ అంటే ఇక్కడ ఒక గది.
రేకుల కప్పు, ఆరు కంప్యూటర్లు,
అందులో రెండు పలకవు.
వెనకాల మొగలిపొదల మధ్య
ఆకాశం కేసి వెల్లకిలా పడుకున్న తెల్ల గొడుగు.
మిగతా యూనివర్సిటీ అంతా సువాలో ఉంది.
తరావా దాకా రెండు రాత్రుల పడవ,
అక్కణ్ణుంచి విమానం, డబ్బుంటే.

పొద్దున్నే నా మొదటి పని
తడిగుడ్డతో గొడుగు మొహం తుడవడం.
ఆరేళ్లుగా మా ఉప్పు తింటోంది,
విశ్వాసం మాత్రం లేదు దానికి.
కాస్త మబ్బేస్తే చాలు, మూతి ముడుచుకుంటుంది.

మొన్న ఆగస్టులో పీత ఒకటి కేబుల్ కొరికేసింది.
బాగుచెయ్యడానికి ఫిజీ నుంచి అపెనిసా వచ్చేసరికి
పదకొండు వారాలు.
పెట్టె దించి, చెమట తుడుచుకుని,
"ముందు ఆ పీత ఏదీ?" అన్నాడు.
తినేశామన్నాం.
నాకుంచలేదేమని నాలుగు రోజులూ దెప్పుతూనే
తీగ తీగకీ ఇనుప గొట్టం తొడిగి వెళ్లాడు.

అర్ధరాత్రిలోగా పంపాలట అసైన్‌మెంటు.
ఎవరి అర్ధరాత్రి?
ఇక్కడ గురువారం కోడి కూస్తుంటే
రారొటొంగాలో ఇంకా బుధవారం వంట కాలేదు.
ఈ ఒక్క ప్రశ్నకీ జవాబు రాలేదింకా.
మేం మాత్రం పొద్దుగూకేలోపే పంపేస్తాం,
జనరేటర్‌కి డీజిల్ అంతవరకే.

బుధవారం సాయంత్రం క్లాసు.
గోడ మీద తొమ్మిది గళ్లు, గడికో దీవి.
మా ఆకాశంలో ముందు ఉరుము, ఆనక మెరుపు:
మాట వచ్చేస్తుంది, పెదవులు తర్వాత కదుల్తాయి.
పోర్ట్ విలాలో ఎవరి పసిబిడ్డో ఏడిస్తే
సువాలో మేష్టారు ఆగుతుంది,
మా గదిలో కయేవా ఊరికే ఒడి ఊపుతుంది.

కయేవాకి నలభై మూడేళ్లు.
చేపలు ఎండబెట్టే చేతులు,
రెండు వేళ్లతో టైపు చేస్తుంది,
అక్షరానికో పొలుసు గీకినట్టు.
"మీ ఇంటి గురించి ఒక పేజీ" అన్నారు మేష్టారు.
వాళ్లమ్మ చెబుతుంటే రాసుకుంది:
ఏ గాలికి ఏ చేప ఒడ్డుకొస్తుందో,
ఏ గుంటలో ఏ తాత దుంప నాటాడో,
పైన మొదటి మాటగా, మౌరి.

మౌరి అంటే నమస్కారం.
మౌరి అంటే ప్రాణంతో ఉండు అని కూడా.
యంత్రం దాని కింద ఎర్రగీత గీసింది.
చేప కింద గీత. గాలి కింద గీత.
తాత పేరు కింద గీత.
పేజీ అంతా గాలం గుచ్చుకున్న పెదవిలా అయింది.

"నాకు ఒక్క మాటా సరిగ్గా రాదా?" అని నన్నడిగింది.
నేనేం చెప్పను, నేను తాళాలవాణ్ణి.
మేష్టారే అంది, రెండు క్షణాలు ఆలస్యంగా:
"తప్పు నీది కాదు. దానికింకా మీ మాట రాదు.
మాట మీద బాణంగుర్తు పెట్టి, కుడివైపు నొక్కు.
నిఘంటువులో చేర్చు అని ఉంటుంది చూడు."

చూసింది. నొక్కింది.
ఒక గీత ఊడి పడిపోయింది.
ఇంకొకటి.
డీజిల్ సంగతి నేను ఆ రాత్రి ఎత్తలేదు.
పక్క దీవుల గళ్లు ఒక్కోటీ ఆరిపోయాయి,
మేష్టారు మాత్రం కూర్చునే ఉంది
చేతిలో చల్లారిన టీ కప్పుతో.
చివర్న తాత పేరు మిగిలింది.
దాన్ని నొక్కే ముందు కయేవా
వేళ్లు లుంగీకి తుడుచుకుంది.

ఇవాళ పొద్దున గొడుగు తుడుస్తుంటే
కిటికీలోంచి పిలిచింది.
రెండో కంప్యూటర్‌లో అదే పేజీ తెరిస్తే
మళ్లీ అంతా ఎరుపే.
ఒకదానికి నేర్పితే ఇంకోదానికి రాదని
ఎవరూ చెప్పలేదు మాకు.
తిట్టింది, మా మాటలోనే,
ఆ తిట్టు కూడా టైపు చేసి చేర్చింది.
తర్వాత కుర్చీ ముందుకు లాక్కుని
మొదటి నుంచి మొదలుపెట్టింది: మౌరి.